కొత్త యాంప్‌లో రివర్బ్ పలకట్లేదు: విప్పాలా, వెనక్కి పంపాలా?

పేరు వేయొద్దన్న ఒక పాఠకుడి ఉత్తరం ఇది. పొడుగ్గా ఉంది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆయన ఉద్యోగం చేసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడల్లా స్నేహితుల బ్యాండ్‌లో గిటార్ వాయిస్తారు. చాలాకాలం డబ్బు కూడబెట్టి ఈమధ్యే కొత్త వాల్వ్ యాంప్ (పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులతో గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) తెప్పించుకున్నారు. స్పీకర్ కూడా అందులోనే ఉండే కాంబో రకం. అందులోని స్ప్రింగ్ రివర్బ్ కోసమే, అంటే స్ప్రింగుల సాయంతో శబ్దానికి ప్రతిధ్వనిలాంటి తోక జోడించే ఏర్పాటు కోసమే, దాన్ని ఎంచుకున్నారట. వచ్చినప్పుడు అట్టపెట్టె ఒక మూల నొక్కుకుపోయి ఉంది గానీ, యాంప్ మీద గీత కూడా పడలేదు. సౌండ్ బ్రహ్మాండంగా ఉంది. రివర్బ్ మాత్రం లేదు. నాబ్‌ని సున్నా నుంచి పది దాకా తిప్పినా గిటార్‌లో తేడా రాదు, పది దగ్గర సన్నగా 'స్స్' అనే చప్పుడు తప్ప. ఫుట్‌స్విచ్ పెట్టి చూశారు, తీసి చూశారు. అదే పరిస్థితి. "ఒకరోజు రివర్బ్ పది మీద ఉండగానే యాంప్‌ని గోడ పక్కకి జరిపాను. 'ఢంగ్'మని గది అదిరిపోయింది. స్ప్రింగులు తెగాయేమోనని భయం వేసి, అప్పటినుంచి దాన్ని కదపడం మానేశాను" అని రాశారు.

అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే "వాల్వ్ యాంపుల్లో రివర్బ్ అంతే సార్, తక్కువగానే ఉంటుంది" అన్నారు. గట్టిగా అడిగితే మొత్తం యాంప్ పంపించమన్నారు, ఎప్పుడు తిరిగొస్తుందో మాత్రం చెప్పలేదు. వచ్చే నెల ప్రోగ్రాం ఉంది. బ్యాండ్‌లో బేస్ వాయించే స్నేహితుడు "అరగంట పనిరా, విప్పేద్దాం" అంటూ సోల్డరింగ్ ఐరన్‌తో సిద్ధంగా ఉన్నాడు. వద్దంటే ఎక్కడ నొచ్చుకుంటాడో అని ఈయనకు మొహమాటం. "లోపం యాంప్‌లో ఉందా, నా చెవుల్లో ఉందా అనే అనుమానం కూడా మొదలైంది. విప్పనా, పంపనా, సర్దుకుపోనా? పది మీద వచ్చే ఆ 'స్స్' కూడా లోపమేనా?" ఇవీ ఆయన ప్రశ్నలు.

ముందు మీ చెవుల సంగతి తేల్చేద్దాం. అవి బాగానే ఉన్నాయి. పనిచేసే స్ప్రింగ్ రివర్బ్‌ని పది మీద పెట్టి ఒక్క తీగ మీటి ఆపితే, మీ చెయ్యి ఆగినా శబ్దం ఆగదు. రెండు మూడు సెకన్లపాటు నీళ్ళలో మోగుతున్నట్టు సాగుతుంది. అందుకే చాలామంది నాబ్‌ని మూడు, నాలుగు దాటనివ్వరు, దాటితే వాయించేది అర్థం కాదు. "తక్కువగానే ఉంటుంది" అన్న మనిషి యాంప్ గురించి తెలిసి ఆ మాట అన్నాడని నాకనిపించట్లేదు. ఫోన్ పెట్టేయించడానికి అన్నట్టుంది. తేడా తెలిసీ తెలియకుండా ఉంటే చెవుల్ని అనుమానించాలి గానీ, పది దగ్గర అసలేమీ లేకపోతే అందులో అనుమానానికి చోటే లేదు.

ఇక మిమ్మల్ని భయపెట్టిన ఆ 'ఢంగ్' గురించి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాక్యం అదే. మీరు దాన్ని చెడ్డ శకునంగా తీసుకున్నారు, నాకు మాత్రం సగం యాంప్ క్షేమంగా ఉందన్న కబురులా వినిపించింది. ఎందుకో చెప్పాలంటే స్ప్రింగులుండే రేకు పెట్టెలో, అంటే ట్యాంక్‌లో, ఏం జరుగుతుందో కాస్త చెప్పాలి.

హామండ్ ఆర్గాన్లలో వాడిన ఏర్పాటు ఇది. 1961లో ఫెండర్ అనే గిటార్ల కంపెనీ దాన్ని గిటార్ వాళ్ళకోసం విడి పెట్టెగా తెచ్చింది, 1963లో వైబ్రోవెర్బ్ అనే యాంప్ లోపలికే చేర్చింది. ఇప్పటికీ చాలా వాల్వ్ యాంపులు దాదాపు అదే పద్ధతిలో నడుస్తున్నాయి. గిటార్ సిగ్నల్‌లో కొంత భాగాన్ని ఒక వాల్వ్ బలపరిచి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా ట్యాంక్‌లోని మొదటి కాయిల్‌కి పంపుతుంది. ఆ కాయిల్ మధ్యలో స్ప్రింగుల చివర బిగించిన బుల్లి అయస్కాంతాలు ఉంటాయి. సిగ్నల్ వచ్చినప్పుడు అవి అటూ ఇటూ మెలితిరుగుతాయి, ఆ కదలిక స్ప్రింగుల పొడవునా పరుగెత్తి, చివర తగిలి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్తుంది. అవతలి చివరనున్న రెండో కాయిల్ ఆ కదలికని మళ్ళీ విద్యుత్తుగా మారుస్తుంది. అది చాలా బలహీనమైన సిగ్నల్. దాన్ని ఇంకో వాల్వ్ పెంచి, రివర్బ్ నాబ్ మీదుగా స్పీకర్‌కి పంపుతుంది.

అంటే ఈ దారికి రెండు సగాలు: స్ప్రింగులదాకా వెళ్ళేది, స్ప్రింగుల నుంచి వచ్చేది. మీరు యాంప్‌ని జరిపినప్పుడు స్ప్రింగులు ఊగాయి. ఆ ఊపే రెండో కాయిల్, తిరుగు కేబుల్, రెండో వాల్వ్, నాబ్, స్పీకర్ అన్నీ దాటుకుని గది అదిరేలా వినిపించింది. స్ప్రింగ్ రివర్బ్ ఉన్న ఏ యాంప్‌ని కుదిపినా ఆ చప్పుడు వస్తుంది. కొందరైతే స్టేజీ మీద కావాలనే యాంప్‌ని తన్ని ఆ ఉరుము పుట్టిస్తారు. కాబట్టి వచ్చే దారి బతికే ఉంది. ఇంకో సంగతి, కొత్త యాంపుల్లో కొన్నింట్లో స్ప్రింగులే ఉండవు, డిజిటల్ చిప్ ఉంటుంది. మీదాంట్లో నిజమైన ట్యాంకే ఉందని కూడా ఆ చప్పుడే చెప్పింది. చాలా యాంపుల్లో ఫుట్‌స్విచ్ రివర్బ్‌ని ఆపేది వచ్చే దారిలోనే, కనుక దానిమీద కూడా అనుమానం తీసేయొచ్చు.

ఒక్కటి మాత్రం నిర్ధారించుకోండి. ఆ చప్పుడు స్పీకర్‌లోంచి వచ్చిందా, లేక పెట్టె లోపల రేకు కొట్టుకున్న మోతా? నాబ్‌ని సున్నా మీద పెట్టి క్యాబినెట్ పక్కన పిడికిలితో మెల్లగా తట్టండి. తర్వాత పది మీద పెట్టి అంతే మెల్లగా తట్టండి. పది మీద మాత్రమే గట్టిగా వస్తే నేను పైన చెప్పిందంతా నిలుస్తుంది. రెండుసార్లూ ఒకేలా రేకు మోత వస్తే ట్యాంక్ లోపల ఏదో ఊడి దొర్లుతున్నట్టు లెక్క, మిగతా పరీక్షలు ఆపేసి నేరుగా అమ్మినవాళ్ళకి రాయండి.

నేను నమ్ముతున్నట్టు లోపం వెళ్ళే దారిలోనే ఉంటే, అనుమానితులు కొద్దిమందే: మొదటి వాల్వ్, దాని చిన్న ట్రాన్స్‌ఫార్మర్, వెళ్ళే కేబుల్, మొదటి కాయిల్. పెట్టె మూల నొక్కుకుపోయిందన్నారు కాబట్టి నేనైతే కేబుల్‌ని, కాయిల్‌ని ముందు చూస్తాను. దారిలో దెబ్బ తగిలినప్పుడు మొదట లొంగేవి అవే.

వీటిలో చాలావాటిని స్క్రూడ్రైవర్ ముట్టకుండానే చూడొచ్చు. యాంప్ ఆపి, ప్లగ్ గోడలోంచి తీసేసి, కాసేపు చల్లారనిచ్చి వెనక నుంచి టార్చి వేయండి. క్యాబినెట్ అడుగున నల్లటి సంచి లాంటిది పడుకుని ఉంటుంది, ట్యాంక్ అందులోనే ఉంటుంది. దాంట్లోకి రెండు సన్నటి కేబుళ్ళు వెళ్తాయి, చివర్లలో పాత టేప్ రికార్డర్లకి ఉండే ఆర్‌సీఏ ప్లగ్గులే. వాటిలో ఒకటి సగం ఊడి ఉందేమో చూడండి. ఊడినట్టు కనిపించకపోయినా రెండింటినీ తీసి, కొద్దిగా తిప్పుతూ మళ్ళీ గట్టిగా నొక్కండి. ట్యాంక్ మీద ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని రాసి ఉంటుంది. రెండూ తారుమారై ఉన్నాయేమో కూడా గమనించండి, ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చినవి ఉంటాయి. తారుమారైతే రివర్బ్ పూర్తిగా పోదు, చెవి పెట్టి వెతుక్కునేంత సన్నగా వస్తుంది. మీ కేసు అలా అనిపించట్లేదు గానీ, చూడ్డానికి ఖర్చేముంది!

అక్కడ తేలకపోతే మల్టీమీటర్ కావాలి. మీ బేస్ స్నేహితుడి దగ్గర ఉండే ఉంటుంది. రెండు కేబుళ్ళూ ట్యాంక్‌నుంచి తీసేసి, మీటర్‌ని ఓమ్‌ల మీద పెట్టి, ఇన్‌పుట్ జాక్ మధ్య గుంటలో ఒక ముల్లు, బయటి రింగు మీద ఒక ముల్లు ఆనించండి. ఇక్కడ చాలామంది పొరబడతారు, కాస్త ఆగి చదవండి. ట్యాంక్ మీద 4ఏబీ3సీ1బీ లాంటి కోడ్ ముద్రించి ఉంటుంది. అందులో రెండో స్థానంలోని అక్షరం ఇన్‌పుట్ కాయిల్ ఏ రకమో చెబుతుంది. అది 'ఏ' (A) అయితే 8 ఓమ్‌ల ఇంపీడెన్స్ (శబ్దపు సిగ్నల్‌కి కాయిల్ చూపే అడ్డు) అన్నమాట, మీటర్ మీద మాత్రం ఒక ఓమ్‌కి అటూ ఇటూగానే కనిపిస్తుంది. దాన్ని చూసి "షార్ట్ అయిపోయింది" అనుకుని మంచి ట్యాంకుల్ని పారేసినవాళ్ళున్నారు. 'ఏ' రకానికి అదే ఆరోగ్యం. ఆ అక్షరం 'ఈ' (E) అయితే అరవై దరిదాపుల్లో, 'ఎఫ్' (F) అయితే రెండు వందల దరిదాపుల్లో రావాలి. అవుట్‌పుట్ వైపు సాధారణంగా బీ రకం ఉంటుంది, అక్కడ కూడా సుమారు రెండు వందలు రావాలి. మీటర్ అసలు కదలకుండా అనంతం చూపిస్తే దొంగ దొరికినట్టే. కాయిల్ అయినా తెగింది, లేదా జాక్‌నుంచి కాయిల్‌కి వెళ్ళే సన్నటి తీగ అయినా ఊడింది. నా అనుభవంలో రెండోదే ఎక్కువ.

మీటర్ సరైన అంకె చూపిస్తే ట్యాంక్ నిర్దోషి అని నేరుగా అనలేం. కాయిల్ బాగానే ఉండి, ఆ చివర స్ప్రింగులు కొక్కెంలోంచి జారిపోయి ఉండొచ్చు. అది చూడాలంటే సంచిలోంచి ట్యాంక్ బయటికి తీయాలి. రెండు మూడు మరల పనే, కరెంటు ప్రమాదం కూడా లేదు. కానీ ఆ మరలు విప్పే ముందు అమ్మినవాళ్ళ దగ్గర "విప్పి చూడొచ్చు" అని రాతపూర్వకంగా తీసుకోండి, ఒక్క లైను మెసేజ్ చాలు. తీశాక, లోపలి రేకు నాలుగు మూలలా చిన్న స్ప్రింగుల మీద వేలాడుతోందో లేదో చూడండి. పొడుగు స్ప్రింగుల మధ్య ప్యాకింగ్ అట్టగానీ స్పాంజిగానీ మిగిలిపోయిందేమో చూడండి. వేలితో మాత్రం లాగొద్దు. ఒకసారి సాగిన స్ప్రింగు మళ్ళీ పాత ఆకారానికి రాదు.

తర్వాతిది మొదటి వాల్వ్. ఫెండర్ తరహా యాంపుల్లో అది సాధారణంగా 12ఏటీ7. వాల్వులు వెనక చేతికందేలా ఉంటే, యాంప్ చల్లగా ఉన్నప్పుడు దాన్ని తీసి, విడిగా ఉన్న మంచి 12ఏఎక్స్7 ఒకటి కాసేపు పెట్టి చూడొచ్చు. రెండింటి కాళ్ళ అమరిక ఒకటే. రివర్బ్ కాస్త నీరసంగానైనా పలికితే, పోయింది వాల్వే. అయితే ఏది ఏ వాల్వో మాన్యువల్‌లో ఉన్న బొమ్మ చూసి నిర్ధారించుకున్నాకే ముట్టుకోండి.

మీ ట్యాంక్ ఇన్‌పుట్ 'ఏ' (A) రకమైతే ఇంకో చక్కటి పరీక్ష ఉంది. వెళ్ళే కేబుల్‌ని ట్యాంక్‌నుంచి తీసి, దాని చివర ఒక పాత 8 ఓమ్‌ల చిన్న స్పీకర్ తగిలించి, వాల్యూమ్ తక్కువలో గిటార్ మీటండి. ఆ చిన్న స్పీకర్‌లో గిటార్ సన్నగా వినిపిస్తే యాంప్ తన పని తాను చేస్తోంది, లోపం ట్యాంక్‌దే. వినిపించకపోతే, వాల్వ్ కూడా బాగుందని తేలితే, లోపం కేబుల్‌లోనో, సర్క్యూట్ అంతా బిగించి ఉండే లోహపు పెట్టె (ఛాసిస్) లోపలో ఉంది. ఇతర రకాల ట్యాంకులకి ఈ పరీక్ష చేయొద్దు.

ఛాసిస్ అన్నాను కదా, గీత అక్కడే గీస్తున్నాను. అది విప్పొద్దు. వాల్వ్ యాంప్ ఛాసిస్‌లో మూడు, నాలుగు వందల వోల్టులు మామూలు. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో అది నిలవ ఉంటుంది. సోల్డరింగ్ వచ్చినంత మాత్రాన ఆ పని వచ్చినట్టు కాదు. ఈ మాట మీ స్నేహితుడికి నొప్పి కలగకుండా ఎలా చెప్పాలంటారా? అతని చేతిలోని ఐరన్ తీసుకుని మల్టీమీటర్ పెట్టండి. "లోపం ఎక్కడుందో నువ్వు తేల్చు, వారంటీ ఉంది కాబట్టి బాగుచేయడం వాళ్ళ చేత చేయిద్దాం" అనండి. అతనికి కావాల్సింది మీకు సాయపడటం. పైన చెప్పిన పరీక్షల్లో నిజంగానే అతను కావాలి, ఒకరు గిటార్ మీటుతుంటే ఇంకొకరు వెనక చూడాలి కదా. కాయిల్ తీగ తెగిందని తేలినా అతన్ని అతికించనివ్వకండి. వెంట్రుకంత తీగ అది, పైగా కొత్త యాంప్‌లో చేతిపని సోల్డర్ కనిపిస్తే వారంటీ వాళ్ళకి చెయ్యి దులుపుకునే సాకు మీరే ఇచ్చినట్టు.

ఇక మీ ముందున్న దారులు. లోపం ట్యాంక్‌లోనో వాల్వ్‌లోనో ఉందని తేలితే మీ బేరమే మారిపోతుంది. ట్యాంక్ కేబుళ్ళతో తగిలించి, మరలతో బిగించే భాగం. దానికోసం అంత బరువున్న యాంప్‌ని ఇంకోసారి లారీ ఎక్కించడమంటే గోటితో పోయేదానికి గొడ్డలి తీసినట్టే. "ఇన్‌పుట్ కాయిల్ ఓపెన్ చూపిస్తోంది, ఈ కోడ్ ఉన్న ట్యాంక్ ఒకటి పంపండి, పాతది మీకు తిప్పి పంపుతాను" అని రాయండి. "రివర్బ్ రావట్లేదు" అన్న కస్టమర్‌కి చెప్పే కబుర్లు ఈ వాక్యం రాసిన కస్టమర్‌కి చెప్పరు. వాళ్ళు ఒప్పుకుంటే ప్రోగ్రాంలోపు పని అయిపోవచ్చు. ఇందులో ఇబ్బంది ఒకటే, బిగించేది మీరే కాబట్టి తర్వాత ఇంకేదైనా వస్తే "మీరే విప్పారు" అనకుండా ఆ సంభాషణ అంతా రాతలో ఉండాలి.

విసుగొచ్చి ట్యాంక్ మీరే కొనేసుకోవాలనిపించవచ్చు. పెద్ద ఖరీదైన భాగం కాదు, త్వరగా తెమిలిపోతుంది. కానీ కోడ్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా కొత్త తలనొప్పి. ఇన్‌పుట్ రకం తప్పితే శబ్దం సన్నబడుతుంది లేదా అసలు రాదు. అయిదో స్థానంలోని అక్షరం ఏ జాక్ రేకుకి గ్రౌండ్ అయిందో చెబుతుంది, అది తప్పితే బుయ్యిమని హమ్ పట్టుకుంటుంది. చివరి అక్షరం ట్యాంక్ పడుకోవాలా, నిలబడాలా అన్నది. నాలుగో స్థానంలోని అంకె ఒక్కటే మీ ఇష్టం: 1 అయితే తోక పొట్టి, 3 అయితే పొడుగు. ఈ దారిలో మీరు కోల్పోయేది డబ్బుకంటే హక్కు. కొత్త వస్తువులో లోపానికి మీరు ఖర్చు పెట్టుకున్నాక మళ్ళీ వాళ్ళని అడగడం కష్టం.

లోపం ఛాసిస్‌లో ఉంటే మాత్రం పంపక తప్పదు. వాపసు గడువు ఇంకా మిగిలి ఉంటే రిపేరు కాదు, మార్పిడి అడగండి. ఈ గడువు తేదీని ఇవాళే చూసుకోండి, పరీక్షలన్నీ దానికి లోబడే. నొక్కుకుపోయిన ఆ అట్టపెట్టె పారేయలేదు కదా? దాని మూల ఫొటో, సీరియల్ నంబర్ ఫొటో, నాబ్ సున్నా మీద, పది మీద ఒకే తీగ మీటిన వీడియో ఒకటి, ఈ మూడూ కలిపి పంపండి. రవాణాలో దెబ్బ తగిలిందన్న మాట ఎంత ఆలస్యంగా చెబితే అంత బలహీనపడుతుంది.

సర్దుకుపోవడం కూడా ఒక దారే, కాదనను. ఎవరిదైనా రివర్బ్ పెడల్ అడిగి తెచ్చుకుంటే ప్రోగ్రాం గట్టెక్కుతుంది, వినేవాళ్ళలో తేడా పట్టేవాళ్ళు అరుదు. కానీ మీరు ఈ యాంప్ కొన్నదే ఆ స్ప్రింగుల కోసమని మీరే రాశారు. పెడల్‌ని ప్రోగ్రాం వరకు వాడండి, ఫిర్యాదు మాత్రం ఈ వారమే పెట్టండి. రెండూ ఒకేసారి నడవొచ్చు.

ఆ 'స్స్' గురించి అడిగారు. అది లోపం కాదు. స్ప్రింగుల నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ని పెంచే వాల్వ్, దాంతోపాటు తన సొంత చప్పుడుని కూడా పెంచుతుంది. నాబ్ పది మీద ఉంటే అది వినిపిస్తుంది, మూడు మీద వినిపించదు. కొత్త ట్యాంక్ వేశాక 'స్స్' బదులు బుయ్యిమని హమ్ వస్తే మాత్రం ట్యాంక్ అటు చివర ఇటుగా బిగించారేమో చూడండి. అవుట్‌పుట్ చివర యాంప్ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న వైపు ఉండాలి.